తల్లి చల్లబడ్డదనుకున్న రోజు

పెళ్లి బ్లౌజుకు చేతుల అంచు కుడుతుంటే సూది రెండుగా కనపడింది. కళ్లు నులుముకుని చూస్తే మిషను రెండు, కత్తెర రెండు, ఎదురుగా స్టూలు మీద కూర్చుని "అక్కా, ఇయ్యాల అయితదా కాదా?" అని పొద్దుటి నుంచి ప్రాణం తీస్తున్న పెళ్లికూతురి చెల్లెలు కూడా ఇద్దరు. ఒక్కదాని సతాయింపే భరించలేకపోతుంటే ఇద్దరేంది దేవుడా అనుకున్నాను. అంతలో నొప్పి మొదలైంది. నాకు తలనొప్పి కొత్తేం కాదు. పెళ్లిళ్ల సీజన్‌లో దర్జీ పని చేసేవాళ్లకు తల నొయ్యని రోజే ఉండదు. ఇది ఆ నొప్పి కాదు. కళ్ల వెనకాల రోకలి పెట్టి దంచుతున్నట్టుంది. ఎడమ రెప్ప దానంతటదే కిందికి వాలింది, ఎత్తుదామంటే లేవలేదు. వాంతి వచ్చింది, బ్లౌజు మీదే అయింది. పట్టు బ్లౌజు. ఆ పిల్ల తల్లి ఇప్పటికీ హన్మకొండ చౌరస్తాలో ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది. తిప్పుకోనీ.

మా ఇంటి ముందుగదే నా షాపు. వాడకట్టంతా అందులోకే వచ్చేసింది. ఒకామె పైత్యం అంది, ఒకామె గ్యాస్ అంది, ఇంకొకామె నిమ్మకాయ తిప్పి పారేసింది. మా ఆయన ఆటో డ్రైవరు. స్టాండు నుంచి వచ్చి నా కన్ను చూసి, ఎవరి మాటా వినకుండా నన్ను ఆటోలో వేసుకుని దవాఖానకు పోయాడు. నా పెళ్లయ్యాక ఆయన ఎవరినీ అడగకుండా చేసిన మొదటి పని అదే. స్కాన్ తీశారు, చూసినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆ సాయంత్రమే అంబులెన్సులో హైదరాబాద్ పంపించారు.

అక్కడి డాక్టరమ్మ నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. మెదడు కింద, ముక్కు వెనకాల, శనగ గింజంత గ్రంథి ఒకటి ఉంటుందట. పిట్యూటరీ అంటారట. అందులో నాకు ఎన్నాళ్లనుంచో చిన్న గడ్డ ఉంది, దాని సంగతి నాకూ తెలియదు, ఎవరికీ తెలియదు. ఆ రోజు ఆ గడ్డలో ఉన్నట్టుండి రక్తం చిమ్మింది. ఉబ్బిపోయి పక్కనున్న కంటి నరాలను నొక్కేసింది. ముక్కులోంచి పరికరం పెట్టి ఆపరేషన్ చేశారు. రెప్ప లేచింది, రెండు సూదులు ఒక సూది అయ్యాయి. చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు కదా, నాకు కన్ను కూడా దక్కింది. ఆ గింజ మాత్రం పోయింది. ఉన్నా పనిచేయదు.

"ఒంట్లో మిగతా గ్రంథులకు పని చెప్పే మేస్త్రీ అమ్మా అది" అంది డాక్టరమ్మ. "మేస్త్రీ లేకపోతే కూలీలంతా ఉన్నా పని నడవదు. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా తట్టుకోవడానికి మన ఒంట్లో ఒక రసం ఊరుతుంది. మీకు ఇక ఊరదు. దాన్ని మీరు గోళీ రూపంలో రోజూ వేసుకోవాలి. జ్వరమొస్తే రెండింతలు వేసుకోవాలి. వాంతులై గోళీ నిలవకపోతే తొడకు ఇంజెక్షన్ వేసుకుని వెంటనే దవాఖానకు రావాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దు."

"ఆపితే ఏమైతది మేడం?" అని అడిగాను.

"బీపీ పడిపోతుంది. చచ్చిపోతారు."

ఆమె నాకు అందుకే నచ్చింది. మెత్తగా చెప్పి ఉంటే నేను మెత్తగానే విని ఉండేదాన్ని. నా పిల్లలిద్దరూ హాస్టళ్లలో ఉండి చదువుతున్నారు, వాళ్లకు ఇంకా పెళ్లిళ్లు కాలేదు, ఉద్యోగాలు రాలేదు. నాకు చచ్చిపోయే ఆలోచన లేదు. ఆ మాట ఆమెతోనే అన్నాను. నర్సమ్మ మా ఆయనతో బత్తాయి పండుకు ఇంజెక్షన్లు వేయించి నేర్పింది. నాలుగు బత్తాయిలు ఖరాబు చేశాక చెయ్యి కుదిరింది. ఆయన ఆ తర్వాత బత్తాయి ముట్టలేదు.

ఇంటికొచ్చాక సలహాలు మొదలయ్యాయి. గోళీలు ఎక్కువైతే కిడ్నీలు పోతాయని, ఆకుపసరు తాగమని, ఫలానా ఊర్లో ఒకాయన ఉన్నాడని. మా గల్లీ చివర ఇంటాయన, బాన పొట్ట ఆయనది, పొద్దున్నే గేటు దగ్గర నిలబడి "ఎన్ని దినాలు మింగుతవమ్మా గా గోళీలు, జర తగ్గియ్యరాదు" అన్నాడు. "అన్నం తిని నీ పొట్ట గింత వెరిగింది గదా అన్నా, మరి నువ్వు తినుడు బందు వెడతవా?" అన్నాను. నాకు నోరెక్కువని వాడలో ముందే పేరుంది. ఆ పేరు నాకు బాగానే పనికొచ్చింది, సలహాలు తగ్గాయి. నేను మళ్లీ మిషనెక్కాను. నీరసం ఉండేది, ఎండాకాలంలో కూడా చలేసేది, అయినా కుట్టాను. రోజుకు నాలుగు బ్లౌజులు కుట్టే చోట రెండే కుట్టాను.

అట్లా ఒక ఏడాది గడిచాక కొలతలివ్వడానికి వచ్చిన ఒకామె చంకలో పిల్లవాడు ఉన్నాడు. జ్వరం పిల్లవాడు, మూలుగుతున్నాడు. టేపు పట్టుకునేటప్పుడు అడ్డమొస్తున్నాడని నేనే కాసేపు ఎత్తుకున్నాను. కొన్నాళ్లకు నాకు జ్వరం, ఒళ్లునొప్పులు. ఛాతీ మీద నీటి పొక్కులు లేచాయి. సాయంత్రానికి వీపంతా, మొహమంతా.

మా ఆయన డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. గోళీ రెండింతలు చేయమంది, పొక్కులకు వేరే మందు రాసి పంపింది, ఈ జబ్బు నాలాంటివాళ్లకు మంచిది కాదు, వాంతులు మొదలైతే ఒక్క నిమిషం ఆగకుండా దవాఖానకు తీసుకుపొమ్మంది. ఇంతవరకూ అంతా సరిగానే జరిగింది. మర్నాడు పొద్దున వర్ధన్నపేట బస్సు దిగి, చంకలో వేపమండల కట్టతో అవ్వ వచ్చింది.

మా దిక్కు తల్లిని అవ్వ అంటాం. అవ్వ వర్ధన్నపేట అవతల పల్లెలో ఉంటుంది. పత్తి ఏరుతుంది, మిరపకాయ తెంపుతుంది, ఎవరికీ భయపడదు. నా నోరు ఆమె దగ్గర్నుంచి వచ్చిందే. గడపలో అడుగు పెట్టి నా మొహం చూసి, చేతులెత్తి దండం పెట్టింది. నాకు కాదు, నా ఒంటి మీది పొక్కులకు.

"ఆటలమ్మ పోసింది బిడ్డా. తల్లి ఇంటికొచ్చింది. జర నిమ్మలంగ ఉండు, అన్ని నేను చూసుకుంట."

చూసుకుంది కూడా. గుమ్మానికి వేపమండలు కట్టింది. గది మూలన చెంబులో పసుపునీళ్లు పోసి, వేపరొట్ట పెట్టి, అదే తల్లి అంది. తాళింపు బందు, నీసు బందు, పొయ్యి మీద నూనె చుక్క వేగకూడదు. కస్టమర్లను రోడ్డు మీదనే ఆపేసింది. నాకు పెరుగన్నం, చల్ల, బెల్లం పానకం. వేపాకు పసుపు నూరి ఒంటికి రాస్తుంటే దురద తగ్గి నిజంగానే ప్రాణం లేచొచ్చేది. తల్లి ఒంట్లో వేడిగా ఉంటుంది, ఆమెను చల్లబరిచి సంతోషంగా సాగనంపాలి, అంతే అవ్వ వైద్యం. ఇందులో దేనికీ నేను అడ్డం చెప్పలేదు. పోచమ్మకు బోనమెత్తేదాన్నే నేనూ. నేను గోళీలు చేతిలోకి తీసుకున్నప్పుడు వచ్చింది పంచాయితీ.

"గవి బందు వెట్టాలె" అంది అవ్వ.

"ఇవి పొక్కుల గోళీలు కావు అవ్వా. నా పానం నిలవెట్టే గోళీలు. జరమొస్తే ఇంకా ఎక్కువ ఏసుకోవాలె."

"ఏ గోళీ అయినా గోళీనే. తల్లి ఉన్న ఇంట్ల మందు ముట్టద్దు. నీ తమ్ముడు ఎట్ల పోయిండో మర్చినవా?"

మరిచిపోలేదు. నాకు బడికి పోయే వయసు, వాడింకా సరిగ్గా మాట్లాడలేని పిల్లవాడు. వాడికి అమ్మవారు పోసి జ్వరం తగ్గకపోతే, ఎవరో చెప్పారని అవ్వ పక్క ఊరి ఆరెంపీ డాక్టరును పిలిపించింది. ఆయన సూది వేశాడు. పొద్దుగూకకముందే పిల్లవాడు పోయాడు. సూది వల్ల పోయాడో, సూది ఆలస్యంగా రావడం వల్ల పోయాడో ఇప్పుడు ఎవరు చెప్పగలరు. అవ్వ మనసులో మాత్రం అది ఎప్పుడో తేలిపోయింది. తను సూదికి ఒప్పుకుంది, తల్లికి కోపమొచ్చింది, పిల్లవాణ్ణి తీసుకుపోయింది. ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోటి నుంచి వినడం నాకు అదే మొదటిసారి.

వినగానే నా గొంతు తగ్గింది. పట్టు మాత్రం తగ్గలేదు. "తమ్ముని సంగతి వేరే, నా సంగతి వేరే" అని ఆమె ముందే గోళీలు మింగాను. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది. మా ఆయనది ముందు నుయ్యి, వెనక గొయ్యి. అత్తకు ఎదురు చెప్పలేడు, నాకు చెప్పి బతకలేడు. ఆటో తుడుచుకుంటూ బయటే ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి గోళీల డబ్బా లేదు.

"అవ్వా, నా డబ్బా ఏది?"

"ఇంట్ల లేదు."

"ఏడ వెట్టినవ్?"

"తల్లి పోయేదాక అది ఇంట్లకు రాదు."

"నేను పోయేదాకనా?" అన్నాను. ఆమె చప్పున నా నోటి మీద చెయ్యి పెట్టింది. భయం ఆమెకు, కోపం నాకు. బియ్యం డబ్బాలో వెతికాను, దిండ్ల కింద వెతికాను, చీరల మధ్య వెతికాను. అరిచాను, తిట్టాను, బతిమాలాను. డబ్బా దొరకలేదు. ఫోన్ చేస్తే మా ఆయన పరకాల కిరాయికి పోయి ఉన్నాడు. "అత్తమ్మను గట్టిగ అనకు, మళ్లొచ్చేటప్పుడు దవాఖాన కాడ కొత్త డబ్బా కొనుకొస్త" అన్నాడు. ఆ గోళీ అన్ని మందుల షాపుల్లో దొరకదు, పెద్ద దవాఖాన దగ్గరే దొరుకుతుంది. సరే, వచ్చేదాకా ఆగుదాం, మధ్యాహ్నం కూడా కాలేదు కదా అనుకున్నాను. మామూలు రోజైతే ఆగగలిగేదాన్నే. అది మామూలు రోజు కాదు, ఒళ్లంతా జ్వరంతో కాలుతోంది.

తాగిన చల్ల వాంతి అయింది. నీళ్లు తాగితే నీళ్లూ వాంతి అయ్యాయి. ఇంజెక్షన్ సామాను మిషను సొరుగులో ఉంది, దాని సంగతి అవ్వకు తెలియదు. నేనే వేసుకుందామని లేచాను. కాళ్లు నా మాట వినలేదు. గది దాటకుండానే గోడ పట్టుకుని జారి కూర్చున్నాను, అవ్వ వచ్చి మళ్లీ చాప మీద పడుకోబెట్టింది. ఆ తర్వాత నుంచి నాకు అంతా దూరం నుంచి వినపడింది. చెమటలు పట్టాయి. చేతులు చల్లబడ్డాయి.

అవ్వ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. మెడ మీద చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"సల్లవడ్డది" అంది. "నా తల్లి సల్లవడ్డది. జరం ఇడిసింది."

లేచి మూలనున్న చెంబు ముందు దీపం పెట్టింది. గడపకు పసుపు రాసింది. ఏదో పాట సన్నగా పాడుకుంటోంది, చిన్నప్పుడు బోనాలకు పాడేది. నేను అరవకుండా, తిట్టకుండా కళ్లు మూసుకుని పడుకుంటే ఆమెకు అది తల్లి శాంతించినట్టు కనపడింది. మొక్కు ఫలించింది, గోళీలు తీసేసింది కాబట్టే తల్లి దయ చూపింది. ఆమె అట్లా అనుకుంటోందని నాకు అర్థమవుతూనే ఉంది. ఇది చల్లబడటం కాదే అవ్వా, నేను చచ్చిపోతున్నానని చెప్పాలని ఉంది, నాలుక లేవడం లేదు. ప్రపంచంలో ఎవరి మీదా నాకు అంత కోపం రాలేదు. అంత ప్రేమగా పక్కన కూర్చుని చంపుతున్న మనిషిని ఏమని తిట్టాలి? అప్పుడు ఒకటే అనుకున్నాను. ఉన్న ఊపిరంతా పెట్టి ఒక్క మాట చెప్పాలి. చెప్పకుండా చావొద్దు.

ఆమె చెంచాతో పానకం తెచ్చి నోట్లో పోసింది. అది పక్కనుంచి కారిపోయింది. "బిడ్డా" అని పిలిచింది. నేను కళ్లు తెరిచాను.

"అవ్వా, ఇది తల్లి కాదు. నేను పోతాన్న."

ఆమె చెంచా కింద పెట్టి నా అరికాళ్లు పట్టుకుంది. ఒకటి, తర్వాత ఇంకొకటి. ఇంత చల్లటి పాదాలు ఆమె అంతకుముందు ఒక్కసారే పట్టుకుని ఉంటుంది. లేచి, చెప్పులు లేకుండా గల్లీలోకి పరుగెత్తింది. అమ్మవారికి సేవ చేస్తున్న మనిషి అట్లా వీధిలోకి పోకూడదు. ఆ సంగతి వాడకట్టుకు చెప్పిందే ఆమె.

మా ఆయన ఆటో అప్పుడే గల్లీ మలుపు తిరుగుతోందట. ఇంకా దిగకముందే "సీటు కింద ఉన్నయ్" అని అరిచిందట అవ్వ. "ఏంది అత్తమ్మా?" అంటే "గోళీలు, నీ ఆటో సీటు కింద." ఆటో ఇల్లు కాదు కదా. ఇంట్లో మందు ఉండొద్దు, పారేస్తే పాపం, అందుకని తెల్లవారుజామున సీటెత్తి, జాకీ పక్కన గుడ్డలో చుట్టి పెట్టింది. ఆ సంగతి తెలియక మా ఆయన నా ప్రాణాన్ని సీటు కింద పెట్టుకుని, పైన మనుషులను కూర్చోబెట్టుకుని పరకాల దాకా పోయి వచ్చాడు. దారిలో దవాఖాన దగ్గర ఆగి కొత్త డబ్బా కూడా కొన్నాడు. పాపం, ఆయన ఏ పనైనా చేస్తాడు, ఒక అరగంట ఆలస్యంగా చేస్తాడు.

గోళీలు నోట్లో వేస్తే నిలవలేదు. ఆయన మిషను సొరుగు లాగి ఇంజెక్షన్ సామాను తీశాడు. పొడి సీసాలో నీళ్ల మందు కలిపి సిరంజిలోకి లాగుతుంటే నేను ఆయన చేతులే చూస్తున్నాను. బత్తాయి వేరు, పెళ్లాం వేరు. సూది పైకెత్తి చూసుకున్నాడు. అప్పుడు గుమ్మంలో నిలబడి ఉన్న అవ్వ "ఆగు అల్లుడా" అంది.

ఆయన ఆగాడు. ఆమె మాట ఆయన ఎన్నడూ దాటలేదు. తర్వాత తల అడ్డంగా ఊపి, "ఆగితే పోతది అత్తమ్మా" అన్నాడు. గట్టిగా అన్నాడు.

అవ్వ లోపలికి వచ్చి నా పక్కన కూలబడింది. సిరంజి పట్టుకున్న ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది. లాక్కుంటుందనే అనుకున్నాను. లాక్కోలేదు, గట్టిగా పట్టుకుంది. మూలనున్న చెంబు వైపు తిరిగింది. అక్కడ నిజంగా ఒక మనిషి కూర్చుని ఉన్నట్టు మాట్లాడింది.

"తల్లీ, ఈ సూది ఏసేది నేను. పిలగాడు కాదు, నా బిడ్డ కాదు. నీకు కోపమొస్తే నా మీద చూపు."

తర్వాత ఆయనతో, "ఎయ్యి" అంది.

ఇద్దరి చేతులూ కలిసే సూదిని నా తొడలోకి దించాయి. అవ్వ కళ్లు మూసుకోలేదు.

దవాఖానలో నన్ను వేరే గదిలో ఉంచారు. సెలైన్ పెట్టారు, మళ్లీ ఇంజెక్షన్లు ఇచ్చారు, బీపీ లేచింది. అక్కడా అవ్వే నా పక్కన ఉంది. మా ఆయన ఉంటానంటే పొమ్మంది. మర్నాడు పొద్దున నాకు తెలివి బాగా వచ్చేసరికి ఆమె కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని, రవిక చేతులు పైకి మడిచి, తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంటోంది. మెడ తడుముకుంది. నుదురు తడుముకుంది. మళ్లీ చేతులు చూసుకుంది.

నేను గోళీలు మింగినప్పుడు నాకు భయం లేదు. తల్లి గోళీ మీద అలుగుతుందని నేను ఎన్నడూ నమ్మలేదు, అందుకే తేలిగ్గా మింగాను. ఆమె నమ్మింది. ఒక కొడుకును ఇచ్చుకుని నమ్మింది. నమ్ముతూనే ఆ సూది మీద చెయ్యి వేసింది. అది తోచేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ఆమె అటు తిరిగి ఉంది కాబట్టి చూడలేదు.

నర్సమ్మ వచ్చి గోళీలు టేబుల్ మీద పెట్టిపోయింది. జ్వరం ఇంకా ఉంది కాబట్టి రెండింతలు. అవ్వ లేచి వాటిని తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఏం చూసుకుంటాన్నవ్ అవ్వా?" అని అడిగాను.

"తల్లి కోపం ఎప్పుడొస్తదా అని."

"రాలే గదా."

"ఇంకా రాలే" అంది. గోళీలు నా అరచేతిలో పెట్టి, నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడింది. "వస్తే రానియ్. నువ్వైతే మింగు."